రాబర్ట్ షూమన్

రాబర్ట్ షూమన్ (1886 జూన్ 29 - 1963 సెప్టెంబరు 4) ఫ్రాన్సు దేశానికి చెందిన రాజనీతిజ్ఞుడు, న్యాయవాది. ఇతడు ఆ దేశానికి ప్రధానమంత్రిగాను, ఆర్థిక, విదేశాంగ, న్యాయ శాఖల మంత్రిగాను పనిచేశాడు. 1950 మే 9న ఇతడు చేసిన ప్రకటన ఫలితంగా ఐరోపా బొగ్గు, ఉక్కు సమాజం ఏర్పడింది. నేటి ఐరోపా సమాఖ్యకు అదే మూలం. జర్మనీ నేత కొన్రాడ్ అడెనావర్, ఇటలీ నేత అల్చిదె దె గాస్పెరి, ఫ్రాన్సుకే చెందిన జీన్ మోనే లతో పాటు షూమన్‌ను కూడా ఐరోపా ఐక్యతకు మూలపురుషులలో ఒకడిగా పరిగణిస్తారు.

షూమన్ లక్సెంబర్గ్‌లో జర్మను పౌరుడిగా పుట్టి, ముప్పై రెండు సంవత్సరాల వయసులో ఫ్రెంచి పౌరుడయ్యాడు. అతడి పౌరసత్వాన్ని మార్చినవి యుద్ధాలే కాని అతడి కోరిక కాదు. లక్సెంబర్గిష్, జర్మను, ఫ్రెంచి భాషలు మూడూ అతడికి ఇంటి భాషలవంటివే. అతడి రాజకీయ జీవితాన్ని అర్థం చేసుకోవటానికి మూడు దేశాల హద్దులు కలిసే ఆ ప్రాంతాన్ని గురించి, అక్కడి భాషలను గురించి కొంత తెలుసుకోవటం అవసరం.

ప్రాంతీయ నేపథ్యం

ఫ్రాన్సు ఈశాన్య భాగంలో లోరెన్ అనే ప్రాంతం ఉంది. దానికి ఉత్తరాన లక్సెంబర్గ్, తూర్పున జర్మనీకి చెందిన సార్ లోయ ఉన్నాయి. మోసెల్ నది లోరెన్‌లో నుండి ఉత్తరంగా ప్రవహించి, లక్సెంబర్గ్, జర్మనీల మధ్య కొంత దూరం సరిహద్దుగా సాగి, చివరకు రైన్ నదిలో కలుస్తుంది. ఈ ప్రాంతంలో రాజ్యాల హద్దు, భాషల హద్దు ఒకటి కావు. మెట్జ్ నగరం (ఫ్రెంచి ఉచ్చారణ మెస్), దాని పరిసరాలు చాలా కాలం నుండి ఫ్రెంచి మాట్లాడే ప్రాంతాలు. దానికి ఉత్తరాన, తూర్పున ఉన్న పల్లెలలో మాత్రం జర్మానిక్ కుటుంబానికి చెందిన మాండలికాలు వాడుకలో ఉండేవి. వీటిని లోరెన్‌లో ప్లాట్ అంటారు. వీటిలో లక్సెంబర్గ్ సరిహద్దు పల్లెలలోని మాట లక్సెంబర్గిష్ భాషకు అతి సమీపంగా ఉంటుంది. బెల్జియంలోని ఆర్లో పట్టణ ప్రాంతంలోను, జర్మనీలోని ట్రియర్, సార్ ప్రాంతాలలోను ఇదే భాషా కుటుంబపు రూపాలు వినిపిస్తాయి. ఒక పల్లె నుండి పొరుగు పల్లెకు మాట కొద్దికొద్దిగా మారుతుందే తప్ప, సరిహద్దు రాయి దగ్గర ఒక్కసారిగా తెగిపోదు.

ఈ నేల కింద ఇనుప ఖనిజం, బొగ్గు విస్తారంగా ఉండేవి. లోరెన్‌లోను, దక్షిణ లక్సెంబర్గ్‌లోను ఇనుప ఖనిజం, సార్, రూర్ ప్రాంతాలలో బొగ్గు లభించేవి. ఉక్కు తయారీకి రెండూ కావాలి. ఆయుధాల తయారీకి ఉక్కు కావాలి. ఈ కారణంగా 1870 నుండి 1945 వరకు ఫ్రాన్సు, జర్మనీల మధ్య జరిగిన మూడు యుద్ధాలలోను ఈ సరిహద్దు ప్రాంతం నలిగిపోయింది.

బాల్యం, విద్యాభ్యాసం

షూమన్ తండ్రి జీన్ పియెర్ షూమన్ లోరెన్‌లో లక్సెంబర్గ్ సరిహద్దును ఆనుకొని ఉన్న ఎవ్రాంజ్ అనే చిన్న గ్రామంలో జన్మించాడు. 1870 నాటి ఫ్రాన్సు-ప్రష్యా యుద్ధంలో ఫ్రాన్సు పక్షాన తియోన్విల్ పట్టణ రక్షణలో పాల్గొన్నాడు. ఆ యుద్ధంలో ఫ్రాన్సు ఓడిపోయింది. 1871 మే 10న కుదిరిన ఫ్రాంక్‌ఫర్ట్ ఒప్పందం ప్రకారం అల్సాస్‌తో పాటు లోరెన్‌లో కొంత భాగం జర్మనీకి దక్కింది. దానితో ఎవ్రాంజ్ వాసులు కూడా జర్మను పౌరులయ్యారు. జీన్ పియెర్ ఆ తరువాత సరిహద్దు దాటి లక్సెంబర్గ్‌లో స్థిరపడ్డాడు. అక్కడ బెటంబర్గ్‌కు చెందిన యూజెనీ డ్యూరెన్‌ను వివాహమాడాడు.

వీరి ఏకైక సంతానమైన రాబర్ట్ 1886 జూన్ 29న లక్సెంబర్గ్ నగరంలోని క్లౌసెన్ పేటలో జన్మించాడు. తండ్రి పౌరసత్వమే కొడుకుకూ వర్తించటం వలన లక్సెంబర్గ్‌లో పుట్టినా అతడు జర్మను పౌరుడే అయ్యాడు. ఇంటిలో తల్లి మాట లక్సెంబర్గిష్. పాఠశాలలో జర్మను, ఫ్రెంచి భాషలు నేర్చుకున్నాడు. తండ్రి 1900లో మరణించాడు. తల్లి పెంపకంలో అతడికి కాథలిక్ మతనిష్ఠ బాల్యంలోనే అలవడింది.

లక్సెంబర్గ్ నగరంలోని అథెనే విద్యాలయంలో చదువు పూర్తయిన తరువాత, జర్మను విశ్వవిద్యాలయాలలో చేరటానికి కావలసిన పరీక్ష కోసం మెట్జ్‌లోని ఉన్నత పాఠశాలలో చేరి 1904లో ఉత్తీర్ణుడయ్యాడు. తరువాత బాన్, మ్యూనిక్, బెర్లిన్, స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయాలలో న్యాయశాస్త్రం అభ్యసించాడు. 1910లో స్ట్రాస్‌బర్గ్‌లో డాక్టరేటు పొందాడు. స్ట్రాస్‌బర్గ్ అప్పటికి జర్మను సామ్రాజ్యంలోని నగరం.

1911లో తల్లి ఒక బండి ప్రమాదంలో మరణించింది. ఈ సంఘటన షూమన్‌ను తీవ్రంగా కలచివేసింది. మతగురువుగా మారాలని కొంతకాలం ఆలోచించాడు. చివరకు లౌకిక జీవితంలోనే ఉండి సేవ చేయాలని నిశ్చయించుకున్నాడు. జీవితాంతం అవివాహితుడిగానే ఉన్నాడు.

న్యాయవాద వృత్తి, మొదటి ప్రపంచ యుద్ధం

1912లో షూమన్ మెట్జ్ నగరంలో న్యాయవాదిగా కార్యాలయం తెరిచాడు. 1913లో ఆ నగరంలో జరిగిన జర్మను కాథలిక్కుల మహాసభ ఏర్పాట్లలో పాలుపంచుకున్నాడు. అప్పటి మెట్జ్‌లో పాత ఫ్రెంచి కుటుంబాలు, 1871 తరువాత జర్మనీ నుండి వచ్చి స్థిరపడినవారు, ప్లాట్ మాట్లాడే పల్లెవాసులు కలిసి నివసించేవారు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయింది. ఆరోగ్య కారణాల వలన షూమన్‌ను సాయుధ దళాలలో చేర్చుకోలేదు. కొంతకాలం మెట్జ్‌లో సహాయక సేవలలోను, తరువాత బూలే పట్టణంలో పౌర పరిపాలనా కార్యాలయంలోను పనిచేశాడు. అతడు జర్మను సైన్యంలో అధికారిగా పోరాడాడని తరువాతి కాలంలో రాజకీయ ప్రత్యర్థులు ప్రచారం చేశారు. ఇది వాస్తవం కాదు.

1918 నవంబరులో జర్మనీ ఓటమితో అల్సాస్, లోరెన్ ప్రాంతాలు తిరిగి ఫ్రాన్సులో కలిశాయి. షూమన్ మెట్జ్‌ను విడిచి ఎక్కడికీ వెళ్లలేదు. ఉన్నచోటనే అతడు ఫ్రెంచి పౌరుడయ్యాడు. ఇదే కాలంలో 1871 తరువాత వచ్చి స్థిరపడిన జర్మనులలో అనేకులు ఆ ప్రాంతం నుండి బహిష్కరణకు గురయ్యారు.

ఫ్రెంచి పార్లమెంటులో

1919 నవంబరు ఎన్నికలలో మోసెల్ జిల్లా ప్రజలు షూమన్‌ను పార్లమెంటుకు ఎన్నుకున్నారు. 1940 వరకు, తిరిగి 1945 నుండి 1962 వరకు అతడు ఆ జిల్లా ప్రతినిధిగా కొనసాగాడు. పార్లమెంటులో అతడు మొదట చేపట్టిన పని చట్టాలకు సంబంధించినది. దాదాపు యాభై సంవత్సరాలు జర్మనీ పాలనలో ఉన్నందున అల్సాస్, మోసెల్ ప్రజలు జర్మను చట్టాలకు అలవాటుపడ్డారు. వాటిలో కార్మికుల ఆరోగ్య బీమా, భూముల రిజిస్ట్రేషను పద్ధతి వంటివి ఫ్రాన్సులో అప్పటికి ఉన్నవాటికంటె మెరుగైనవని అక్కడివారి అభిప్రాయం. వాటిని ఒక్కసారిగా రద్దు చేయరాదని షూమన్ వాదించాడు.

1924 జూన్ 1 నాటి చట్టాల ద్వారా ఫ్రెంచి పౌర, వాణిజ్య చట్టాలు ఈ ప్రాంతానికి వర్తింపజేయబడ్డాయి. అయితే అనేక స్థానిక నియమాలు అలాగే నిలిచాయి. ఈ చట్టాల రూపకల్పనలో షూమన్ చేసిన కృషి వలన వీటికి అతడి పేరు కూడా వాడుకలోకి వచ్చింది. ఈ స్థానిక చట్టం ఇప్పటికీ అమలులో ఉంది. అక్కడి ఉద్యోగులకు ప్రత్యేక ఆరోగ్య బీమా ఉంది. గుడ్ ఫ్రైడే (నియమిత ప్రదేశాలలో), డిసెంబరు 26 అదనపు సెలవు దినాలు. ఫ్రాన్సులో మతాన్ని, ప్రభుత్వాన్ని వేరుచేసిన 1905 నాటి చట్టం ఇక్కడ వర్తించదు. 1924లో ప్రధాని ఎడ్వార్ ఎరియో ఆ చట్టాన్ని ఇక్కడ కూడా అమలు చేయాలని తలపెట్టినపుడు షూమన్ దానిని గట్టిగా వ్యతిరేకించాడు. ప్రజల నిరసనల వలన ఆ ప్రయత్నం ఆగిపోయింది.

భాష విషయంలో అతడికి ఇంతటి విజయం దక్కలేదు. 1918 తరువాత పాఠశాలల్లో బోధనా భాష ఫ్రెంచిగా మారింది. ప్లాట్ మాత్రమే తెలిసిన పిల్లలు మొదటి రోజు నుండే తమకు అర్థం కాని భాషలో పాఠాలు వినవలసి వచ్చింది. రెండు భాషలలో బోధన అవసరమని వాదించిన ఆ ప్రాంత నాయకులలో షూమన్ ఒకడు. అయితే దేశమంతటికీ ఒకే భాష అన్న భావన పారిస్‌లో బలంగా ఉండేది. జర్మను భాషను శత్రువు భాషగా చూసే ధోరణి దానికి తోడయింది. పల్లెల మాటకు జర్మనుతో ఉన్న చుట్టరికమే దానికి చేటు తెచ్చింది.

1926లో షూమన్ మెట్జ్ సమీపంలోని సీ-షజెల్ గ్రామంలో ఒక ఇల్లు కొన్నాడు. జీవితాంతం అదే అతడి నివాసం.

రెండవ ప్రపంచ యుద్ధం

1939 సెప్టెంబరులో యుద్ధం ప్రారంభం కాగానే సరిహద్దు పల్లెల ప్రజలను పశ్చిమ ఫ్రాన్సులోని వియెన్, షారాంత్ తదితర జిల్లాలకు తరలించారు. ప్లాట్ మాట్లాడే ఈ కాందిశీకులను చూసి అక్కడి స్థానికులు కొందరు జర్మనులని అనుమానించారు. స్వదేశంలోనే పరాయివారుగా బతకవలసిన దుస్థితి వారిది. 1940 మార్చిలో ప్రధాని పోల్ రేనో ప్రభుత్వంలో షూమన్ కాందిశీకుల వ్యవహారాలకు ఉపమంత్రిగా నియమితుడయ్యాడు.

జూన్‌లో ఫ్రాన్సు ఓడిపోయింది. 1940 జూలై 10న విషీలో సమావేశమైన పార్లమెంటు మార్షల్ పెతాఁకు సర్వాధికారాలు అప్పగించింది. దీనికి అనుకూలంగా ఓటు వేసినవారిలో షూమన్ కూడా ఉన్నాడు. ఈ ఓటు తరువాతి కాలంలో అతడిపై విమర్శలకు ముఖ్య కారణమయింది.

ఆ తరువాత షూమన్ మెట్జ్‌కు తిరిగి వచ్చాడు. మోసెల్ జిల్లాను జర్మనీ తనలో కలుపుకొంటున్న సమయమది. 1940 సెప్టెంబరు 14న గెస్టపో పోలీసులు అతడిని అరెస్టు చేశారు. ఫ్రెంచి పార్లమెంటు సభ్యులలో వారి చేతికి చిక్కిన మొదటివాడు అతడే. ఏడు నెలలు మెట్జ్ జైలులో ఉంచారు. తమకు సహకరించమని వచ్చిన ఒత్తిళ్లకు అతడు లొంగలేదు. 1941 ఏప్రిల్‌లో జర్మనీలోని నాయ్‌స్టాట్ పట్టణానికి తరలించి గృహనిర్బంధంలో ఉంచారు. 1942 ఆగస్టులో అక్కడి నుండి తప్పించుకొని ఫ్రాన్సులో జర్మను సైన్యం ఆక్రమించని భాగానికి చేరుకున్నాడు. మిగిలిన యుద్ధకాలమంతా మఠాలలో, మిత్రుల ఇళ్లలో తలదాచుకున్నాడు.

ఈ కాలంలో మోసెల్ ప్రజలు అనుభవించిన కష్టాలు తీవ్రమైనవి. ఫ్రెంచి భాషను నిషేధించారు. ఊర్ల పేర్లు, వ్యక్తుల పేర్లు జర్మనులోకి మార్చారు. ఫ్రెంచి మాట్లాడే వేలాది కుటుంబాలను వెళ్లగొట్టారు. 1942 ఆగస్టు నుండి అక్కడి యువకులను బలవంతంగా జర్మను సైన్యంలో చేర్చారు. ఇలా చేర్చబడినవారు అల్సాస్‌లో సుమారు ఒక లక్ష, మోసెల్‌లో సుమారు 30 వేల మంది.

ప్రధానమంత్రి, విదేశాంగ మంత్రి

యుద్ధానంతరం పెతాఁకు ఓటు వేసిన పార్లమెంటు సభ్యులు ఎన్నికలలో పోటీకి అనర్హులయ్యారు. 1945 సెప్టెంబరులో షూమన్‌పై ఈ అనర్హత తొలగించబడింది. అదే సంవత్సరం అతడు క్రైస్తవ ప్రజాస్వామ్య భావాలు గల ఎం.ఆర్.పి. పక్షం తరఫున రాజ్యాంగ సభకు ఎన్నికయ్యాడు. 1946 జూన్‌లో ఆర్థిక మంత్రి అయ్యాడు. 1947 నవంబరు 24న ప్రధానమంత్రి పదవి చేపట్టాడు. అప్పుడు దేశమంతటా సమ్మెలు జరుగుతున్నాయి. గనులు, రైల్వేలు స్తంభించాయి. అతడి ప్రభుత్వం వీటిని కఠినంగా ఎదుర్కొన్నది. సభలో కమ్యూనిస్టు సభ్యులు అతడి జన్మస్థలాన్ని, అతడి పాత పౌరసత్వాన్ని ఎత్తిచూపి అతడిని జర్మనుడిగా దూషించారు. 1948 జూలైలో అతడి ప్రభుత్వం పడిపోయింది. సెప్టెంబరులో మరల ప్రధాని అయినా ఆ ప్రభుత్వం కొద్ది రోజులే నిలిచింది.

1948 జూలై నుండి 1953 జనవరి వరకు షూమన్ విదేశాంగ మంత్రిగా ఉన్నాడు. ఆ కాలంలో ఫ్రాన్సులో ప్రభుత్వాలు తరచుగా మారేవి. అయినా ఈ శాఖ మాత్రం అతడి వద్దనే ఉండిపోయింది. 1949 ఏప్రిల్ 4న వాషింగ్టన్‌లో నాటో ఒప్పందంపై, మే 5న లండన్‌లో ఐరోపా మండలి నిబంధనావళిపై ఫ్రాన్సు తరఫున సంతకం చేశాడు. స్ట్రాస్‌బర్గ్ నగరం ఐరోపా మండలికి కేంద్రస్థానమయింది.

1950 మే 9 ప్రకటన

పశ్చిమ జర్మనీని ఏమి చేయాలన్నది అప్పటి ప్రధాన సమస్య. జర్మను ఉక్కు ఉత్పత్తిపై పరిమితులు తొలగించాలని అమెరికా, బ్రిటన్ కోరుతున్నాయి. పరిమితులు తొలగితే రూర్ కర్మాగారాలు తిరిగి ఆయుధాలు తయారు చేస్తాయని ఫ్రాన్సు భయపడింది. 1950 మే రెండవ వారంలో లండన్‌లో జరగబోయే మూడు దేశాల విదేశాంగ మంత్రుల సమావేశానికి ఫ్రాన్సు ఏదో ఒక ప్రతిపాదనతో వెళ్లవలసి ఉంది.

ప్రణాళికా సంఘం అధిపతి జీన్ మోనే తన సహచరులతో కలిసి ఒక పథకం రచించాడు. ఆ చిత్తుప్రతి షూమన్ కార్యదర్శి బెర్నార్ క్లాపియే ద్వారా అతడికి అందింది. ఏప్రిల్ చివరి వారాంతంలో షూమన్ దానిని సీ-షజెల్‌కు తీసుకొనివెళ్లి చదివాడు. తిరిగి పారిస్ చేరగానే తన సమ్మతి తెలిపి దాని బాధ్యత స్వీకరించాడు. మే 9 ఉదయం ఒక దూత ద్వారా జర్మనీ అధినేత అడెనావర్‌కు లేఖ అందజేసి అతడి అంగీకారం పొందాడు. ఫ్రెంచి మంత్రివర్గం కూడా అదే రోజు ఆమోదించింది. ఆ సాయంత్రం పారిస్‌లోని విదేశాంగ శాఖ భవనంలో షూమన్ విలేకరుల ముందు ప్రకటన చదివాడు. ఏర్పాట్లు ఎంత హడావుడిగా జరిగాయంటే ఫోటోగ్రాఫర్లను పిలవటానికి కూడా వ్యవధి లేకపోయింది. ఇప్పుడు మనం చూసే చిత్రాలు తరువాత మరొకసారి చదివించి తీసినవి.

ఫ్రాన్సు, జర్మనీల బొగ్గు, ఉక్కు ఉత్పత్తి మొత్తాన్ని ఒక ఉమ్మడి ఉన్నతాధికార సంస్థ కిందకు తేవటం, ఇష్టపడిన ఇతర ఐరోపా దేశాలకు కూడా అందులో చేరే అవకాశం కల్పించటం ఈ ప్రకటనలోని సారాంశం. యుద్ధానికి కావలసిన ముడిసరుకు ఉమ్మడి యాజమాన్యంలో ఉంటే ఒక దేశం మరొక దేశంపై యుద్ధానికి సిద్ధపడటం సాధ్యం కాదన్నది దీని వెనుకనున్న ఆలోచన. పథకాన్ని రచించినది మోనే. కాని పరాజితులైన జర్మనులతో సమాన హోదాలో చేయి కలపాలని ఫ్రెంచి ప్రజలకు చెప్పే రాజకీయ సాహసం షూమన్‌ది. అప్పటికి యుద్ధం ముగిసి అయిదు సంవత్సరాలే అయింది.

బొగ్గు, ఉక్కు సమాజం

1951 ఏప్రిల్ 18న ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ దేశాలు పారిస్ ఒప్పందంపై సంతకాలు చేశాయి. అది 1952 జూలై 23న అమలులోకి వచ్చి, ముందుగా నిర్ణయించిన యాభై సంవత్సరాల గడువు ముగియటంతో 2002 జూలై 23న కాలం తీరింది. ఉన్నతాధికార సంస్థ షూమన్ జన్మించిన లక్సెంబర్గ్ నగరంలోనే 1952 ఆగస్టులో పని ప్రారంభించింది. జీన్ మోనే దాని మొదటి అధ్యక్షుడు.

ఈ ఒప్పందపు అధికారిక ప్రతి ఫ్రెంచి భాషలో మాత్రమే ఉంది. అయితే సమాజం పని ప్రారంభించినపుడు ఫ్రెంచి, జర్మను, ఇటాలియన్, డచ్ భాషలు నాలుగింటికీ సమాన స్థానం కల్పించారు. 1958 ఏప్రిల్ 15న ఐరోపా ఆర్థిక సమాజం జారీ చేసిన మొట్టమొదటి నిబంధన కూడా భాషలకు సంబంధించినదే. ప్రతి సభ్యదేశపు అధికార భాషకు సమాన హోదా అనే సూత్రం ఇలా స్థిరపడింది. ఈ సూత్రం ప్రభుత్వాల భాషలకే వర్తించింది. లక్సెంబర్గిష్, ప్లాట్ వంటి సరిహద్దు పల్లెల భాషలకు ఈ జాబితాలో చోటు లేదు.

షూమన్, అడెనావర్, దె గాస్పెరి ముగ్గురూ సరిహద్దు లేదా అంచు ప్రాంతాల నుండి వచ్చినవారే. అడెనావర్ రైన్ తీరంలోని కొలోన్ నగరానికి చెందినవాడు. దె గాస్పెరి జన్మించిన త్రెంతినో అప్పట్లో ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉండేది. అతడు వియన్నా పార్లమెంటులో సభ్యుడిగా కూడా పనిచేశాడు. దక్షిణ టిరోల్‌లోని జర్మను భాషీయుల హక్కులపై 1946 సెప్టెంబరు 5న ఆస్ట్రియాతో ఒప్పందం చేసుకున్నది అతడే. ఈ ముగ్గురు నేతలు దుబాసీల అవసరం లేకుండా జర్మను భాషలో మాట్లాడుకోగలిగేవారు.

సార్ వివాదం

యుద్ధానంతరం సార్ ప్రాంతాన్ని ఫ్రాన్సు జర్మనీ నుండి వేరుచేసి ఆర్థికంగా తనతో ముడిపెట్టుకుంది. 1950 మార్చిలో ఈ ఏర్పాటును ఖాయపరిచే ఒప్పందాలపై సంతకం చేసినది షూమనే. దీనికి జర్మనీలో తీవ్ర నిరసన వ్యక్తమయింది. ఉమ్మడి మార్గాన్ని ప్రతిపాదించిన నాయకుడే రెండు నెలల ముందు సార్ బొగ్గును ఫ్రాన్సుకు దక్కించే ప్రయత్నం చేశాడన్న విమర్శ ఇందువలన వచ్చింది. చివరకు 1955 అక్టోబరు 23న సార్‌లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఐరోపా పర్యవేక్షణలో ప్రత్యేక ప్రతిపత్తి ఇచ్చే ప్రతిపాదనను మూడింట రెండు వంతుల మంది తిరస్కరించారు. ఫ్రాన్సు ఆ తీర్పును అంగీకరించింది. 1957 జనవరి 1న సార్ పశ్చిమ జర్మనీలో కలిసింది. అంతకుముందు ఈ ప్రాంతంలో సరిహద్దు మార్పులకు చాలావరకు యుద్ధాలే కారణం. ఈసారి ఆ పని ఓట్లతో జరిగింది.

చివరి సంవత్సరాలు

ఆరు దేశాల సైన్యాలను ఉమ్మడిగా నిర్వహించాలన్న ఐరోపా రక్షణ సమాజ ఒప్పందం 1952 మేలో కుదిరింది. దీనికి ఫ్రాన్సులో తీవ్ర వ్యతిరేకత ఏర్పడింది. షూమన్ విదేశాంగ పదవి పోవటానికి ఇది ఒక కారణం. 1954 ఆగస్టు 30న ఫ్రెంచి పార్లమెంటు ఆ ఒప్పందాన్ని తోసిపుచ్చింది. 1955లో షూమన్ న్యాయశాఖ మంత్రి అయ్యాడు. 1958 మార్చి 19న స్ట్రాస్‌బర్గ్‌లో సమావేశమైన ఐరోపా పార్లమెంటరీ సభకు మొదటి అధ్యక్షుడిగా ఎన్నికై 1960 వరకు కొనసాగాడు. ఐరోపా పార్లమెంటుగా పరిణమించినది ఈ సభయే. అదే 1958లో అతడికి జర్మనీలోని ఆఖెన్ నగరం ఇచ్చే షార్లెమేన్ పురస్కారం లభించింది.

ఆరోగ్యం క్షీణించటంతో షూమన్ రాజకీయాల నుండి విరమించుకున్నాడు. ఐరోపా ఐక్యతపై తన ఆలోచనలను ఒక చిన్న గ్రంథంగా కూర్చాడు. ఇది 1963లో ప్రచురితమైంది. 1963 సెప్టెంబరు 4న సీ-షజెల్‌లోని తన ఇంటిలో మరణించాడు. గ్రామ శ్మశానంలో ఖననం చేసిన అతడి భౌతికకాయాన్ని 1966లో ఇంటికి ఎదురుగానున్న పురాతన చర్చికి మార్చారు.

వ్యక్తిత్వం

షూమన్ మితభాషి. గంభీరమైన ఉపన్యాసకుడు కాదు. నిరాడంబరంగా జీవించేవాడు. ప్రతిదినం చర్చి ప్రార్థనకు హాజరయ్యేవాడు. పాత గ్రంథాలు, ప్రముఖుల చేతిరాతలు సేకరించటం అతడికి ఇష్టమైన వ్యాపకం. అతడి ఫ్రెంచి ఉచ్చారణలో లోరెన్ యాస స్పష్టంగా వినిపించేదని సమకాలికులు చెప్పేవారు. పారిస్‌లో దీనిని ఎగతాళి చేసినవారూ ఉన్నారు.

విమర్శలు

1940లో పెతాఁకు వేసిన ఓటు, సార్ విషయంలో అనుసరించిన వైఖరి కాక, వలస దేశాల విషయంలో కూడా షూమన్ విమర్శలకు గురయ్యాడు. 1950లో ట్యునీషియాకు క్రమంగా స్వపరిపాలన ఇవ్వటం గురించి మాట్లాడిన అతడే, 1951 డిసెంబరులో ఆ దేశపు ప్రభుత్వానికి పంపిన లేఖలో ఫ్రాన్సుతో బంధం శాశ్వతమన్న వైఖరి తీసుకున్నాడు. దీనితో అక్కడి జాతీయవాదుల ఆశలు వమ్మయ్యాయి. ఐరోపాలో పొరుగువారికి ఇచ్చిన సమాన హోదా వలస ప్రజలకు ఇవ్వలేదన్నది విమర్శకుల వాదన.

సరిహద్దు ప్రాంతం - షూమన్ అనంతరం

షూమన్ మరణించిన తరువాత అతడి సొంత ప్రాంతంలో సరిహద్దుల ప్రాముఖ్యం క్రమంగా తగ్గింది. 1980లో ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, లక్సెంబర్గ్ ప్రభుత్వాలు సార్, లోరెన్, లక్సెంబర్గ్ ప్రాంతాల సహకారానికి ఒక ఒప్పందం చేసుకున్నాయి. అదే సంవత్సరం మే 21న మాడ్రిడ్‌లో ఐరోపా మండలి రూపొందించిన ఒప్పందం, సరిహద్దులకు ఇరువైపులా ఉన్న స్థానిక సంస్థల సహకారానికి చట్టబద్ధమైన చట్రాన్ని ఏర్పరచింది. 1985 జూన్ 14న లక్సెంబర్గ్‌లోని షెంగెన్ గ్రామం వద్ద, మోసెల్ నదిలో నిలిపిన ఒక నౌకపై అయిదు దేశాలు సరిహద్దు తనిఖీల తొలగింపుకు ఒప్పందం చేసుకున్నాయి. మూడు దేశాల హద్దులు కలిసే ఈ స్థలం షూమన్ తండ్రి స్వగ్రామానికి ఎంతో దూరంలో లేదు.

సార్లాండ్, లోరెన్, లక్సెంబర్గ్, రైన్‌లాండ్-పలాటినేట్, బెల్జియంలోని వలోనియా, అక్కడి జర్మను భాషీయ సమాజం కలిసి మహాప్రాంతం అనే సహకార వేదికగా ఏర్పడ్డాయి. దీని విస్తీర్ణం సుమారు 65 వేల చదరపు కిలోమీటర్లు, జనాభా కోటీ 10 లక్షలకు పైగా ఉంది. లక్సెంబర్గ్‌లో పనిచేయటానికి పొరుగు దేశాల నుండి రోజూ వచ్చివెళ్లే వారి సంఖ్య 2020 దశకంలో రెండు లక్షలు దాటింది. వీరిలో సగానికి పైగా ఫ్రాన్సు నుండి వచ్చేవారే. జర్మనీలోని సార్‌బ్రూకెన్‌లో 1961 నుండి ఫ్రెంచి-జర్మను ఉన్నత పాఠశాల నడుస్తున్నది. షెంగెన్‌కు ఎదురుగా, నదికి ఆవలి ఒడ్డున ఉన్న పెర్ల్‌లో 2007లో జర్మనీ, లక్సెంబర్గ్‌లు ఉమ్మడిగా ఒక పాఠశాల నెలకొల్పాయి. ఫ్రెంచి భాషను ఒక తరం కాలంలో వాడుక భాషగా చేసే లక్ష్యంతో సార్లాండ్ ప్రభుత్వం 2014లో ఒక ప్రణాళిక ప్రకటించింది.

అయితే సరిహద్దు తెరుచుకున్నంతగా ఉమ్మడి భాష నిలవలేదు. 1984 ఫిబ్రవరి 24 నాటి చట్టం ద్వారా లక్సెంబర్గిష్ ఆ దేశపు జాతీయ భాష అయింది. అదే భాష సరిహద్దుకు ఈవల, ఎవ్రాంజ్ వంటి లోరెన్ పల్లెలలో ఏ అధికార హోదాకూ నోచుకోలేదు. 1945 తరువాత ప్రాథమిక పాఠశాలల నుండి జర్మనును తొలగించటం, యుద్ధపు చేదు జ్ఞాపకాల వలన తల్లిదండ్రులు పిల్లలతో ఫ్రెంచిలోనే మాట్లాడటం వంటి కారణాల వలన ప్లాట్ ఎక్కువగా వృద్ధుల భాషగా మిగిలింది. షూమన్ తాతల కాలంలో సరిహద్దు దాటటానికి వేరే భాష నేర్చుకొనవలసిన అవసరం లేదు. వారి మునిమనుమల తరంవారు ఏ తనిఖీ లేకుండా సరిహద్దు దాటి, అవతల ఉద్యోగం కోసం తమ పూర్వీకుల మాటను పరాయి భాషగా తరగతులలో నేర్చుకుంటున్నారు.

తెరిచిన సరిహద్దులు కూడా శాశ్వతం కావని తరువాతి సంఘటనలు తెలిపాయి. కరోనా వ్యాధి ప్రబలిన 2020 మార్చిలో జర్మనీ ఈ హద్దుల వద్ద తిరిగి తనిఖీలు మొదలుపెట్టి అనేక చిన్న దారులను మూసివేసింది. 2024 సెప్టెంబరు 16 నుండి వలసల నియంత్రణ పేరిట ఆ దేశం తన భూసరిహద్దులన్నిటి వద్ద తనిఖీలు ప్రవేశపెట్టింది. ఈ రెండు సందర్భాలలోను సరిహద్దు పట్టణాల మేయర్లు, రోజూ హద్దు దాటే ఉద్యోగులు నిరసన తెలిపారు.

గౌరవాలు, స్మృతి చిహ్నాలు

షూమన్ ప్రకటన చేసిన మే 9ని ఐరోపా దినంగా పాటించాలని 1985లో మిలాన్‌లో జరిగిన ఐరోపా నేతల సమావేశం నిర్ణయించింది. 2019 నుండి లక్సెంబర్గ్‌లో ఇది ప్రభుత్వ సెలవు దినం. బ్రస్సెల్స్‌లో ఐరోపా సమాఖ్య కార్యాలయాలు ఉన్న కూడలికి అతడి పేరు పెట్టారు. స్ట్రాస్‌బర్గ్‌లో అతడి పేరిట ఉన్న విశ్వవిద్యాలయం 2009లో స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో విలీనమైంది. 2021 జూన్ 19న పోప్ ఫ్రాన్సిస్ అతడిని పూజనీయుడిగా ప్రకటించాడు. కాథలిక్ సంప్రదాయంలో పునీత హోదాకు దారితీసే దశలలో ఇది ఒకటి. సీ-షజెల్‌లోని అతడి ఇల్లు మ్యూజియంగా మారింది.